గిర్దావరుకు చెప్పిన పాఠం

యుద్ధం రోజులవి. నేను హైదరాబాదులో బి.ఏ. రెండో ఏడు చదువుతున్నాను. అర్థశాస్త్రం కూడా మాకు ఉర్దూలోనే చెప్పేవారు. సెలవులకు ఇబ్రహీంపట్నం దగ్గరి మా ఊరికి వచ్చిన మర్నాడే, సర్కారు ధరకు లెవీ ధాన్యం వసూలు చేసే గిర్దావరు జవాన్లతో మా వాకిట్లో దిగాడు.

"గీ రెండు బస్తాల జొన్నలే ఉన్నయి సాబ్," అన్నాడు బాపు చేతులు కట్టుకుని.

గిర్దావరు నావైపు తిరిగి, ఏం చదువుతున్నావని ఉర్దూలో అడిగాడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు మొదలుపెట్టాను. సర్కారు ధర బజారు ధరకన్నా తక్కువైతే సరుకు బయటికి రాదని, రైతు దాచుకోవడం సహజమని, మట్టిలో గీతలు గీసి మరీ వివరించాను. ఉర్దూ అంతగా రాని బాపు, కొడుకు అధికారితో సమానంగా మాట్లాడుతున్నాడని మురిసిపోతూ నిలబడ్డాడు.

"శభాష్! మరి మీ ఇంట్లో ఎక్కడ దాచారు?" అన్నాడు గిర్దావరు నవ్వుతూ.

నా కళ్లు పశువుల కొట్టంవైపు పోయాయి. జవాన్లు గడ్డపారలతో అక్కడి నేల తవ్వి, పాతరలోని జొన్నలన్నీ, విత్తనాలతో సహా, బండికెత్తారు.

బండి కదిలాక బాపు అన్నాడు: "గంతసేపు మాట్లాడినవ్ గదరా! జర విత్తనాలన్న ఇడిచిపెట్టుమని అడగకపోతివా?"

ఆ ఏడు పరీక్షలో ఆ సర్కారు ధర, బజారు ధరల ప్రశ్నే వచ్చింది. తరగతిలో ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. ఆ సంగతి బాపుకు ఆయన బతికుండగా చెప్పలేకపోయాను.