రమణక్కకి వినబడిన బేస్ గిటార్

దెయ్యాలున్నాయంటే నవ్వేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నరసరావుపేటలో మోటార్లు రివైండింగ్ చేసే షాపు నాది. ఏదన్నా మోగినా, వణికినా, వేడెక్కినా దానికొక కారణం ఉంటుందనీ, విప్పి చూస్తే దొరుకుతుందనీ నమ్మి బతికినవాణ్ణి. ఇప్పటికీ దెయ్యాల్ని నమ్మను. నేను చెప్పబోయేదాంట్లో దెయ్యం లేదు కూడా. మా అక్క ఉంది, నేను ఇచ్చేసిన బేస్ గిటార్ ఉంది.

అక్క పేరు రమణ. చిన్నప్పుడు జ్వరం వచ్చి రెండు చెవులూ పూర్తిగా పోయాయి. అప్పటికి నేర్చుకున్న మాటలు కొన్ని మిగిలాయి. అవి కూడా మొద్దుగా వచ్చేవి, ఇంట్లోవాళ్ళకి తప్ప అర్థం కావు. మిగతాదంతా చేతులతోనే. పెళ్ళి వద్దంది. జాకెట్లు కుట్టేది. పాపం మూగది అని జాలిపడబోయినవాళ్ళు కూరగాయల మార్కెట్లో ఆమె బేరం చూస్తే ఆ జాలి మానుకునేవాళ్ళు. టీవీలో సీరియల్ చూసి, కథ తనే కల్పించుకుని మాకు చేతులతో చెప్పేది. చానాసార్లు అసలు కథకన్నా అదే బాగుండేది.

బేస్ గిటార్ నా చేతికొచ్చింది డిగ్రీ చదివే రోజుల్లో. గుంటూరులో ఒక ఆర్కెస్ట్రా మూతపడుతుంటే వాళ్ళ దగ్గర పాతది కొన్నాను, దాని స్పీకర్ బాక్సుతో సహా. నల్లటిది. అంచున పెచ్చు లేచి లోపలి చెక్క కనబడేది. మామూలు గిటార్‌కి ఆరు సన్న తీగలుంటే దీనికి నాలుగు లావు తీగలు. పాటకి అడుగున గుమ్ గుమ్ అంటూ ఉంటుంది. ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. ఆగితే మాత్రం పాట బోసిపోతుంది.

ఇంటికి తెచ్చిన రోజు బాక్సు నేలమీద పెట్టి తీగ మీటాను. నాన్న వసారాలోంచి, "ఏందిరా ఆ గుబగుబ" అన్నాడు. పక్కగదిలో అక్క కుట్టుమిషన్ ఆగిపోయింది. గుమ్మం దగ్గరకొచ్చి నిలబడి తన కాళ్ళకిందికి చూసుకుంది.

"లారీనా?" అంది.

కాదని గిటార్ చూపించి మళ్ళీ మీటాను. వచ్చి బాక్సుమీద అరచెయ్యి పెట్టింది. నేను ఆపినా చెయ్యి తియ్యలేదు. "ఇంకా" అంది. అప్పటిదాకా నేను ఇంట్లో ఏం పాడినా, ఏం వాయించినా అక్కకి నా పెదాలూ చేతులూ కదలడమే కనబడేది. ఆ రోజు నా వాయింపు ఆమె అరచేతికి తెలిసింది.

తర్వాత బాక్సుమీద చెయ్యి పెట్టడం కూడా అక్కర్లేకపోయింది. నా గదిలో నేను వాయిస్తుంటే తన గదిలో గోడకి అరచెయ్యి ఆనించేది. తాళం తప్పితే లేచొచ్చి నెత్తిన మొట్టేది. నేను ఇంకో ఆర్కెస్ట్రాలో చేరాక పెళ్ళిళ్ళకీ తిరునాళ్ళకీ వెంటొచ్చి, స్పీకర్ పక్కన కుర్చీ వేసుకుని, దానిమీద చెయ్యేసి కూర్చునేది.

ఆ ఆర్కెస్ట్రా ఎన్నాళ్ళో నిలవలేదు. పెన్‌డ్రైవ్‌లో మ్యూజిక్ పెట్టుకుని గాయకులు ఇద్దరొస్తే పెళ్ళి జరిగిపోతుంటే బేస్ వాయించేవాడు ఎవరికి కావాలి. నాన్న పోయాక షాపు నా మీద పడింది. పెళ్ళయింది. గిటార్ బీరువా పక్కకి చేరింది. తీగలు తుప్పు పట్టాయి. రోజంతా రాగి తీగ చుట్టీ చుట్టీ ఇంటికొస్తే దాన్ని ముట్టుకోబుద్ధి అయ్యేది కాదు.

ఇచ్చెయ్యమన్నది అక్కే. ఒకరోజు బీరువా పక్కన దుమ్ము తుడుస్తూ, "పాడవుద్ది. వాయించేవాళ్ళకి ఇచ్చెయ్" అంది. నేను ఊఁ అని ఊరుకున్నాను. ఆమె ఊరుకోలేదు, కనబడ్డప్పుడల్లా అదే మాట.

ఆ రోజుల్లోనే దాచేపల్లి నుంచి ఇశ్రాయేలు అనే అతను వాళ్ళ చర్చి బోరు మోటారు కాలిపోతే నా దగ్గరకి తెచ్చాడు. రాళ్ళ క్వారీలో క్రషర్ దగ్గర పని. ఆదివారాలు చర్చిలో పాటలకి గిటార్ వాయిస్తాడు. బేస్ నేర్చుకోవాలని చానాకాలంగా ఉందన్నాడు. ఇంటికి తీసుకెళ్ళి చూపించాను. అతను దాన్ని ఎత్తుకున్న తీరు చూసి అక్క నాకేసి తల ఊపింది.

కొత్త తీగలు వేయించి, బాక్సుతో సహా ఇచ్చాను. అతను గడప దాటే ముందు అక్క గిటార్ వీపుమీద చెయ్యి పెట్టి తట్టింది. అతను బస్టాండుకి ఆటో ఎక్కాక లోపలికెళ్ళి మిషన్ తొక్కుకుంది. నేను మాత్రం బీరువా పక్కన ఖాళీ గోడ చూడలేక, అక్కడికి నీళ్ళ డ్రమ్ము జరిపాను.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున నేను పేపరు చదువుకుంటున్నాను. అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. నా చేతులకేసి చూసింది. నీళ్ళ డ్రమ్ముకేసి చూసింది. ఏంది అన్నట్టు సైగ చేశాను.

"వాయిస్తన్నావా?" అంది.

లేదన్నాను. వెళ్ళి గోడకి అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. మధ్యాహ్నం, చర్చిలు ముగిసే వేళకి తీసింది.

మరుసటి ఆదివారం అంతే. నేను నవ్వలేదు, భయపడలేదు. కారణం వెతికాను. ఎదురింటి బోరు మోటారేమో అనుకుని కాసేపు ఆపమన్నాను. మా ఫ్రిజ్ ఆపాను. గోడకి నేను చెయ్యి పెట్టి చూస్తే నాకేమీ తెలియలేదు. "ఎదురింటి మోటారా?" అని సైగ చేస్తే అక్కకి కోపమొచ్చింది. నా చెయ్యి లాక్కుని ముంజేతిమీద వేలితో తట్టడం మొదలుపెట్టింది. మెల్లగా, ఒక పాట నడకలాగా. ఒకచోట తడబడి ఆగి మళ్ళీ అందుకునేది. అట్లా మూడుసార్లు తట్టింది. ఆ తడబాటు మూడుసార్లూ ఒకేచోట.

సాయంత్రం ఇశ్రాయేలుకి ఫోన్ చేశాను. గిటార్ ఎట్లా ఉందని అడిగాను.

"బాగుందన్నా. ఇవాళ ఒక కొత్త పాట పట్టాను. చరణంలోకి దిగేచోట వేలు తిరగడంలేదు, ప్రతిసారీ అక్కడే ఆగిపోతన్నా."

ఫోన్ పెట్టేసి, అక్క తట్టిన నడకని నా ముంజేతిమీద నేనే తట్టి చూసుకున్నాను.

ఆదివారం చర్చి ఉంటుందని అక్కకి తెలుసు కదా, అలవాటుకొద్దీ ఊహించుకుంటోంది అనుకున్నాను. తడబాటు సంగతి కాకతాళీయం అనుకున్నాను. మా ఆవిడ సునీత మాత్రం, "ఒకసారి పోయి చూసిరారాదూ" అంది. సరేనని ఆదివారం పొద్దున దాచేపల్లి బస్సెక్కాను. బస్సులో గంటన్నర పైనే. సునీతని అక్క దగ్గర కూర్చుని ఆమె ఏం చేస్తే అది గమనించమన్నాను. చర్చిలో ఏం జరిగేదీ ఆమెకి ఫోన్ చేసి చెప్పలేదు.

చర్చిలో వెనక బెంచీమీద కూర్చున్నాను. నా గిటార్ ఇంకొకరి భుజాన చూడటం అదే మొదలు. పరాయివాళ్ళింట్లో మన పిల్లని చూసినట్టుంది. ఇశ్రాయేలు మరీ గొప్పగా వాయించడు గానీ శ్రద్ధగా వాయిస్తాడు.

మూడో పాట మధ్యలో కరెంటు పోయింది. మైకులు, కీబోర్డు, బేస్ బాక్సు అన్నీ ఆగిపోయాయి. జనం ఆపలేదు. చప్పట్లతో, డోలక్‌తో పాట సాగింది. నేను ఇశ్రాయేలునే చూస్తున్నాను. అతనూ ఆపలేదు. బాక్సు లేకపోతే బేస్ గిటార్ పక్కన నిలబడ్డవాడికి కూడా సరిగ్గా వినబడదు. అయినా తలవంచుకుని పాట అయ్యేదాకా వాయిస్తూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక నేనేమీ అడగకముందే సునీత చెప్పింది. "పాటలు నడిచినంతసేపూ గోడమీద చెయ్యి తియ్యలేదు. మధ్యలో ఏమైందో, చెంప కూడా గోడకి ఆనించింది. ఆగిపోయిందా వదినా అని సైగ చేశా. లేదు, సన్నగా అయింది అంది."

నేను కాళ్ళు కడుక్కోబోతూ చెంబు కింద పెట్టేశాను.

ఇశ్రాయేలుకి ఇదంతా చెప్పాలా వద్దా అని కొన్నాళ్ళు ఆలోచించి చివరికి చెప్పాను. అతను ప్రార్థన అనీ మహిమ అనీ అనలేదు. "అక్క ఏమంటందన్నా, ఎట్లా వాయిస్తన్నానంట?" అని అడిగాడు.

అక్కని అడిగితే, "తొందర ఎక్కువ. మెల్లగా వాయించమను" అంది.

అదే చెప్పాను. తర్వాతి ఆదివారం అక్క గోడ దగ్గరనుంచి లేచి, "ఇప్పుడు నయం" అంది. అప్పటినుంచీ ప్రతి ఆదివారం సాయంత్రం అతను ఫోన్ చేసేవాడు. అక్క చెప్పిన మాట నేను చెప్పేవాణ్ణి. నయమనో, రెండో పాట బాలేదనో. ఇందులో వింతేమీ లేనట్టే మాట్లాడుకునేవాళ్ళం.

తర్వాత అక్కకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళి డయాలసిస్ చేయించేవాళ్ళం. మనిషి చిక్కిపోయింది. మిషన్ తొక్కడానికి కాళ్ళలో బలం లేక కుట్టడం మానేసింది. ఇవ్వాల్సిన జాకెట్లన్నీ సునీత చేత వాళ్ళవాళ్ళకి పంపించింది. గోడ పక్కనే మంచం వేశాం. ఆదివారం మాత్రం తనే లేచి, తల దువ్వించుకుని కూర్చునేది.

చివరి ఆదివారం కూడా అట్లాగే కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను. చెయ్యి గోడమీదే ఉంది. కాసేపటికి కనుబొమలు ముడిచింది. చెయ్యి ఇంకోచోట పెట్టింది. కింద పెట్టింది, పైన పెట్టింది. వెనక్కి తీసుకుని అరచెయ్యి చూసుకుంది. దాన్ని చీరకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది.

"ఆపేశాడు" అంది.

బాక్సు చెడిపోయి ఉంటుంది, సాయంత్రం కనుక్కుంటాలే అని సైగ చేశాను. తల ఊపి గోడవైపు తిరిగి పడుకుంది.

బయటికొచ్చి ఇశ్రాయేలుకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మధ్యాహ్నం అతనే చేశాడు. వెనక జనం మాటలు వినబడుతున్నాయి.

"ఇప్పుడే అయిందన్నా. ఇవాళ పాటలెక్కువ, చేతులు పడిపోయాయి. ఇవాళ వాయించినట్టు ఎప్పుడూ వాయించలేదు. అక్క ఏమంది?"

"పడుకుంది" అన్నాను.

ఆ గురువారం మధ్యాహ్నం అక్క పోయింది. సునీత గంజి తాగిస్తుంటే, చాలని చెయ్యి అడ్డం పెట్టి కళ్ళు మూసుకుంది. అంతే.

పెద్దకర్మ రోజు ఇశ్రాయేలు వచ్చాడు. భుజాన గిటార్ ఉంది. భోజనాలయ్యి చుట్టాలు వెళ్ళిపోయేదాకా వసారాలో ఒకవారగా కూర్చున్నాడు. అప్పుడు ఆ చివరి ఆదివారం సంగతి చెప్పాను.

"నేను ఆపలేదన్నా" అన్నాడు.

"తెలుసు" అన్నాను.

"ఒక్క పాట కూడా ఆపలేదు."

"తెలుసు ఇశ్రాయేలూ."

కండువాతో మొహం తుడుచుకున్నాడు. గిటార్ నా ముందు పెట్టి, "ఇది మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు. ఒళ్ళోకి తీసుకున్నాను. బాక్సు లేదు. తీగ మీటితే నా ఒంటికి తప్ప ఎవరికీ తెలిసేంత చప్పుడు రాలేదు. నా వేళ్ళు మెత్తబడిపోయాయి, తీగ కోసుకుంది. కాసేపు అట్లాగే ఉంచుకుని తిరిగి అతని చేతికిచ్చాను.

"వాయించేవాళ్ళ దగ్గర ఉండాలని అక్క అన్నది కదా" అన్నాను.

మొదటిసారి ఇచ్చినప్పుడు గడపలో అక్క నాతో నిలబడింది. ఈసారి నేనొక్కణ్ణే బస్టాండుదాకా వెళ్ళాను. బస్సు ఎక్కబోతూ అతను, "వినేవాళ్ళున్నారని వాయించడం అలవాటైపోయిందన్నా" అన్నాడు. గిటార్ కిటికీ పక్కన నిలబెట్టుకుని కూర్చున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

నాకు తెలిసిన డాక్టరుగారికి ఇదంతా చెప్పాను. చెవులు లేనివాళ్ళకి చర్మం వణుకుని బాగా పట్టుకుంటుందన్నారు. ఒప్పుకుంటాను. అక్క అట్లాంటి మనిషే. కానీ నా పనే మోటార్లతో. వణుకు ఎంతదూరం పోతుందో నాకు తెలుసు. ఒక గోడ దాటుతుంది, నేల గట్టిదైతే వీధి దాటుతుంది. దాచేపల్లి నుంచి నరసరావుపేట రాదు. మరి వచ్చింది. నేనూ, సునీతా, ఇశ్రాయేలూ, ముగ్గురం చూశాం.

అది ఎట్లా వచ్చిందో ఎప్పటికైనా ఎవరో ఒకరు చెబుతారేమో. నా మనసుని పట్టుకుని వదలనిది ఆ చివరి ఆదివారం. అక్కడ అతను ఎన్నడూ లేనంత బాగా వాయిస్తూనే ఉన్నాడు. ఇక్కడ అక్క గోడంతా తడుముకుంటూనే ఉంది. ఈ రెండింటి మధ్య అది ఎక్కడ ఆగిపోయిందో నాకు తెలియదు.