ఉపేంద్ర తల దువ్వాను

రోజూ నాలుగింటికి టీ గ్లాసు పట్టుకుని ముందుగదిలోకి వెళ్లేదాన్ని. అక్కడే మా ఆయన నరసింగరావు ఫొటో స్టూడియో. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు నాలుగింటికి ఆయన కెమెరా మెడలో వేసుకుని నెల్లిమర్ల రోడ్డెక్కుతున్నాను. టీ పెట్టడం ముప్పై ఏళ్లుగా వచ్చు. ఫొటో తీయడమే రాదు.

జూటుమిల్లు గోడ పక్కన రంగు జుట్లతో, చిరుగుల ప్యాంట్లు వేసుకుని పిల్లలు డాన్సు కడతారు. వాళ్లనే తీస్తాను. ఒకరికి తల రాదు, ఇంకొకరికి కాళ్లు రావు. ఒకసారి చీకటి పడిపోయిందనుకుని, లెన్సు మూత తీయకుండానే ఇరవై తీశాను. పాపం, మర్యాదస్తులు. "బాగున్నాయత్తా" అన్నారు.

"నీకెందుకొదినా అది? పాడైపోద్ది, నాకిచ్చీ" అని మరిది గిరిబాబు అడుగుతూనే ఉన్నాడు. ఆదివారంలోగా ఒక్క మంచి ఫొటో తీయలేకపోతే ఇచ్చేస్తానన్నాను. కెమెరా పట్టీ ఆయన మెడ చెమటకి నల్లబడి ఉంది. ఇవ్వబుద్ధి కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం డాన్సు జట్టు పెద్ద ఉపేంద్ర, జట్టులోని ఝాన్సీ స్టూడియోకే వచ్చారు. విజయనగరం పోటీకి ఫొటో పంపాలట. వాడి తలంతా ఎర్రటి ముళ్లు. వాటికోసం సెలూన్లో రెండు గంటలు కూర్చున్నాడని నాకు తర్వాత తెలిసింది.

ఆయన లైట్లు సర్దుతుంటే వచ్చినవాళ్ల తల దువ్వడం ఎప్పుడూ నా పనే. అలవాటుగా చేతికి కొబ్బరినూనె రాసుకున్నాను. ఫోను చూసుకుంటున్న ఉపేంద్ర, తలమీద చెయ్యేసింది ఝాన్సీ అనుకుని వంగాడు. నేను పక్కపాపిడి తీసి, పౌడరద్దాక వాడు అద్దంలో చూసుకున్నాడు.

"ఓలమ్మో! ఏటి సేసినావత్తా?"

"రేగిపోయుంటే సదిరాన్రా."

ఝాన్సీ గోడకి ఆనుకుని నవ్వుతోంది. "ఒరే, బ్యాంకు గుమస్తానాగున్నావురా!"

"సూస్తా ఎందుకూరుకున్నావే?"

"ఎంత బుద్ధిగా వంగినావో సూద్దామని!"

వాడు పెరట్లోకి పరిగెత్తి కుళాయి కింద తల పెట్టాడు. మెడమీదుగా ఎర్రనీళ్లు. వాడు తిడుతుంటే, ఝాన్సీ చెంబుతో నీళ్లు పోస్తూ నవ్వుతోంది. మూత తీసి నొక్కాను.

ఇద్దరికీ తలలు వచ్చాయి.

"ఇదే పంపీద్దాం" అంది ఝాన్సీ.

"తడిసిన కోడినాగున్నాను. బాగానే ఉన్నాదిలే" అన్నాడు ఉపేంద్ర.

సాయంత్రం గిరిబాబు వస్తే చూపించాను. చాలాసేపు చూశాడు. "అన్నయ్య తీసినట్టు లేదొదినా."

"నేను తీసింది బాబూ."

మరి కెమెరా ఊసెత్తలేదు. టీ తాగి వెళ్లిపోయాడు.

కుళాయి గట్టు మీద ఎర్రమరక ఉండిపోయింది. తెల్లారి పీచు పట్టుకుని అక్కడే కూర్చున్నాను. అంట్లు తోముకున్నాను. గట్టు తోమలేదు.