దూడ లేని పాడి

పలమనేరులో కోమలి పొద్దున పాలకేంద్రంలో పనిచేస్తుంది. మధ్యాహ్నం కంప్యూటర్‌లో ఊళ్లు కట్టే ఆటలు ఆడి, వాటి మంచిచెడ్డలు వీడియోల్లో చెబుతుంది. అంగారకుడి మీద ఊరు కట్టే ఆటకు పాడిపశువులను చేర్చే ఎక్స్‌పాన్షన్ అనే అదనపు భాగం వచ్చినప్పుడు, ఆవులను సాకి బతికిన నాయన చెంగల్రాయుడు పక్కన కూర్చుని చూశాడు.

"పాపా, ఈ ఆవుకు దూడ యాడుండాది?"

"దూడ లేదు నాయనా. కొనంగానే పాలిస్తాది."

"ఈనకుండా పాలెట్లొస్తాయి? ఇది చేసినోడు ఆవును సూసినాడా?"

కోమలి పగలబడి నవ్వింది. ఆ ప్రశ్ననే వీడియోలో పెట్టి, ఆటకు పదికి ఆరు మార్కులే వేసింది. రెండు నెలలకు ఆట తయారుచేసినవాళ్లు దూడలను చేర్చి, ఆమెకు కృతజ్ఞతలు రాశారు.

చెంగల్రాయుడు కుర్చీ దగ్గరికి లాక్కుని, తెరమీద పుట్టిన తొలి దూడకు గౌరి అని పేరు పెట్టించాడు.

"ముర్రుపాలు దానికే వదలమ్మా," అన్నాడు.