అక్క మ్యాచ్ చూసే పద్ధతి

మా అక్క నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు తీర్చడానికే దేవుడు నన్ను పుట్టించాడని మా బావ వేళాకోళం. అక్క తెల్లవారకముందే బేకరీకి వెళ్ళి బ్రెడ్డు పిండి కలుపుతుంది. ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా పిండే. తనకి ఒక్కగానొక్క కూతురు, టేబుల్ టెన్నిస్ ఆడుతుంది. పిల్లకి ముక్కు మీదే కోపం, అందుకని ఇంట్లో అందరం చిటపట అంటాం.

క్లబ్బుల పోటీల్లో చిటపట సెమీఫైనల్ ఆడుతుంటే అక్క జనంలో తల వంచుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఎప్పుడూ అంతే. "మీ అమ్మ గురక మాక్కూడా వినిపించింది" అని జట్టు పిల్లలు ఏడిపించారట. చిటపట గెలిచి కూడా ఇంటికొచ్చి బ్యాటు మంచం మీదికి విసిరికొట్టింది.

"నిద్రపోవడానికి ఇల్లుంది కదమ్మా! ఇంక నా ఆటకి రావద్దు. ఫైనల్‌కి అసలే రావద్దు."

అక్క "సరేలే" అంది. అంతే. ఆ రోజు నుంచి తినీ తిననట్టు కంచం ముందు నుంచి లేచిపోవడం. నాకు ఒళ్ళు మండిపోయింది. "నాలుగు తగిలించక్కా" అంటే, "చిన్నపిల్ల, నలుగురిలో సిగ్గుపడింది పాపం" అని కూతుర్నే వెనకేసుకొచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక నటి మా ఇంటికొచ్చింది. సినిమాల్లో తల్లి వేషాలు వేసే ఆవిడ. ఆటలాడే కుటుంబం మీద ఏదో నవ్వుల సినిమా తీస్తున్నారట, అందులో ఆవిడ ఒక ఆటగత్తెకి తల్లి. అసలు తల్లిని చూసి నేర్చుకోవాలంటే క్లబ్బు కోచ్ మా ఇల్లు చూపించాడు. తల్లి వేషానికి నేర్చుకోవడమేమిటి, నా తలకాయ! పక్కన నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే సరిపోదూ?

సరిపోదట. ఆవిడ అక్క వెంటే తిరిగింది. బేకరీలో మోచేతుల దాకా చేతులు పిండిలో ముంచింది. నడుము పట్టేసి మా ఇంట్లో బోర్లా పడుకుంది. అయినా ఆవిడకి కావలసింది అది కాదు, తల్లి మ్యాచ్ ఎలా చూస్తుందో కావాలి.

"రావద్దంది కదమ్మా, ఎలా రాను?" అంది అక్క.

"ప్రాక్టీసే కదండీ. క్లబ్బు హాల్లో పైన బాల్కనీలో కూర్చుందాం. అమ్మాయికి కనబడం."

బలవంతాన తీసుకెళ్ళింది. వెనకాల తోకలా నేనూ వెళ్ళాను. ఆట మొదలవగానే అక్క కళ్ళు మూసుకుంది. నటి కాసేపు అక్కనే పరీక్షగా చూసి, తనూ చెప్పులు విప్పి కళ్ళు మూసుకుంది. వీళ్ళిద్దరి సంగతి నాకెందుకని నేను బంతిని చూశాను.

"ఎందుకండీ కళ్ళు మూసుకుంటారు?" ఆట అయ్యాక ఆవిడ అడిగింది.

"చూస్తే నా గుండె ఆగిపోతుందమ్మా. వింటే చాలు. బంతి చప్పుడు ఆగిందంటే పాయింటు అయిపోయినట్టు. అప్పుడు మా పిల్ల అడుగులు వింటాను. గెలిస్తే టకటకా నడుస్తుంది, పోతే కాళ్ళీడుస్తుంది. దానికి మాత్రం చెప్పకండి. నేను వింటున్నానని గుర్తొస్తే ఆట పాడవుతుంది."

నా నోటి సంగతి తెలుసు గనక నాచేత ఒట్టు కూడా వేయించుకుంది.

ఫైనల్‌కి ముందు రోజు సినిమావాళ్ళు అదే హాల్లో రిహార్సల్ పెట్టుకున్నారు. క్లబ్బు పిల్లల్ని చూడనిచ్చారు. చిటపట, నేను నటికి ఎదుటి వరసలో కూర్చున్నాం. అక్క బేకరీలో ఉంది.

బల్ల దగ్గర ఆట మొదలైంది. నటి తల వంచి కళ్ళు మూసుకుంది. జనం గొల్లుమన్నారు, డైరెక్టరుతో సహా. ఆ తల్లి ఎవరో చిటపటకి అర్థమై ముఖం మాడిపోయింది. నాకైతే లేచి వెళ్ళి ఆవిడ జుట్టు పట్టుకోవాలనిపించింది. మా ఇంట్లో తిని మా అక్కనే నవ్వులపాలు చేస్తుందా!

అప్పుడు ఆవిడ పాదాలు కనబడ్డాయి. బంతి బల్లకి తగిలిన ప్రతిసారీ కాలివేళ్ళు నేలను గట్టిగా పట్టుకుని వదులుతున్నాయి. బంతి ఆగింది. ఆవిడ ఊపిరి బిగబట్టింది. ఆడే పిల్ల టకటకా నడిచాక గానీ ఆ ఊపిరి వదల్లేదు. హాల్లో నవ్వులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

చిటపట తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్ళింది. "అమ్మ నిజంగా ఇలా చేస్తుందా ఆంటీ?"

"నేను కల్పించిందేమీ లేదమ్మా. మీ అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నదే. నువ్వు ఆడుతుంటావు, నీకెలా కనబడుతుంది?"

నా మీదికి తిరిగింది. "పిన్నీ, నువ్వైనా చెప్పొచ్చుగా!"

"మీ అమ్మ ఒట్టు వేయించుకుందే తల్లీ!"

దాని కళ్ళు నిండాయి. నావీ నిండాయి, అబద్ధమెందుకు.

చిటపట ఇంటికెళ్ళి అక్క ముందు నిలబడి, గోడతో చెబుతున్నట్టు అంది. "రేపు రా."

"మళ్ళీ పిల్లలు నవ్వుతారేమోనే."

"నవ్వనీ."

ఫైనల్లో ఆఖరి గేము. ఇద్దరి స్కోరూ పదికి పది, ఇక వరసగా రెండు పాయింట్లు గెలిచినవాళ్ళదే కప్పు. సర్వ్ చిటపటది. అక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. చిటపట బంతిని అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. అంపైరు తొందరపెట్టాడు. కదల్లేదు. ఇదేం చోద్యమే, ఏమొచ్చింది దీనికి అని నేను గొణుక్కుంటున్నాను.

బంతి చప్పుడు లేదు, అడుగుల చప్పుడు లేదు. అక్క కంగారుపడి కళ్ళు తెరిచింది.

చిటపట అక్కనే చూస్తోంది. అక్కడి నుంచే చిన్నగా తలూపింది. అప్పుడు సర్వ్ చేసింది.

ఆ పాయింటు పోయింది. తర్వాతదీ పోయింది, దాంతో కప్పూ పోయింది. అక్క మాత్రం ఆ రెండు పాయింట్లూ కళ్ళారా చూసింది.