ఆరని డిస్కు, తెల్ల చొక్కా

పోయిన ఆదివారం నేను చేసిన ఘనకార్యం చెప్తాను, వినండి. టీ మింగేసినాక నవ్వండప్పా, పొరబోతే నా పూచీ లేదు. మా గోపాలప్ప మామ ముక్కు మీద కోపం ఉండే మనిషి. ఆయన కొత్త తెల్ల చొక్కా నా చేతులారా పాడు చేసి కూడా ఒళ్ళు హూనం కాకుండా ఇల్లు చేరినాను!

గోపాలప్ప మామంటే మా నాయన చెల్లెలు నరసమ్మత్త మొగుడు. హోసూరు పక్కన అత్తిముగం అనే పల్లెలో టమేటా పెడతాడు. అత్త పాటలు శానా బాగా పాడతాది. పెండ్లి కానీ, సీమంతం కానీ, అత్త గొంతెత్తకుంటే ఆ ఊర్లో పని మొదలు కాదు. నలభై ఏండ్లుగా ఊరంతా మెచ్చుకుంటా ఉండాది. మామని అడిగితే మాత్రం, "ఆ, పాడతాది" అంటాడు. అంతే!

మనవడికి చెవులు కుట్టించేది పెట్టుకున్నారు. అత్త ఫోన్ చేసినాది.

"సీనా, నా పాటలు నీ ఫోన్లో పట్టినావు గదా, వచ్చినోళ్ళకి తాంబూలంతో ఇచ్చే మాదిరి ఏమన్నా చెయ్యప్పా."

"వాట్సాప్‌లో పంపిస్తే పోదా అత్తా?"

"అది చేతికి తగుల్తాదా? చేతికిచ్చేది ఒకటి ఉండల్ల. దాని పైన నా బొమ్మ ఉండల్ల!"

సరే, సీడీలు చేద్దాం అనుకున్నాను. మా ఇంట్లో ఉండే ప్రింటర్ కొన్నప్పుడు, డిస్కుని పెట్టి దాని మీద నేరుగా బొమ్మ వేసేదానికి ప్లాస్టిక్ తట్ట ఒకటి ఇచ్చినారు. అది ఇన్నాళ్ళూ అటక మీదనే ఉండె. హోసూరు బజార్లో అంగడాయన రెండు రకాల డిస్కులు చూపించినాడు. ఒకటి పైన సున్నం కొట్టిన మాదిరి తెల్లగా, ఇంకొకటి తళతళా మెరుస్తా.

"ప్రింటు వేసేదానికైతే సార్, ఈ తెల్లది..."

"నాకు తెలుసప్పా! మెరిసేదే ఇవ్వు."

ఏం తెలుసు నాకు? మన్ను తెలుసు!

శనివారం మధ్యాన్నం పాటలు ఎక్కించి, ప్రింటు మొదలుపెట్టినాను. మొదటి డిస్కులో నడిమి బొక్క సరిగ్గా అత్త ముక్కు మీద పడినాది. ముక్కుపుడకతో సహా మాయం! ఫోటో చిన్నది చేసి పక్కకి జరిపినాను. రెండోది చూస్తే, ఆహా! వెండి పళ్ళెంలో అత్త నవ్వుతా ఉండాది. అదే ఊపులో పదిహేను వేసేసినాను. నా భార్య సుజాత వచ్చి ఒకదాన్ని వేలితో తాకినాది. వేలు నీలంగా అయిపోయినాది.

"ఇది ఆరలేదే!"

"ఆరుతాదిలే."

ఫ్యాను కింద పెట్టినాను. మిద్దె మీద ఎండలో పెట్టినాను. హెయిర్ డ్రయ్యర్ పట్టినాను. డిస్కు కాలినాది గానీ ఇంకు ఆరలా! అప్పుడు నెట్‌లో చూసినాను. ప్రింటు వేసేదానికి తెల్లవే కావల్లంట, అవే ఇంకుని పీల్చుకుంటాయంట. మెరిసేవి పీల్చవంట. అంగడాయన చెప్పబోయినాడు గదా, చెప్పనిస్తే గదా!

తెల్లారితే ఆరిపోతాదిలే అని మొండిగా ఉండినాను. తెల్లారినాది. ఆరలా! ఒకదాని మీద ఒకటి పెట్టేదానికి లేదు. రెండు తాంబాళాల్లో పరిచి, ఆటోలో సుజాత ఒళ్ళో పెట్టినాను. గుంత వచ్చినప్పుడల్లా సుజాత, "మెల్లగా పొమ్మను, మీ అత్త జారిపోతా ఉండాది!" అని అరిచేది.

ఆడికి పోతే ఇంటి నిండా జనం. మామ కొత్త చొక్కా వేసుకొని కొంగ మాదిరి నిలబడి ఉండాడు. అత్త ఆయన్నే పిలిచినాది. "మొదటిది ఇంటి పెద్ద తీసుకోవల్ల." మామ మొహమాటంగా, అత్త బొమ్మ తన పక్కకే తిప్పుకొని, వేడి దోసె పట్టుకున్నట్టు అంచులు పట్టుకున్నాడు. నేను ఫోటో తీస్తా ఉండాను.

"అట్లా కాదు మామా, దగ్గరికి పట్టుకో. గుండెకాడ. ఇంకా గట్టిగా!"

ఈ తెలివైన మాట అన్నది ఎవురు? నేనే!

ఫోటో అయినాది. మామ డిస్కు తీసినాడు. డిస్కు మీద రంగులు అలుక్కుపోయి ఉండాయి. చొక్కా మీద, ఎడం పక్క, జేబు పైన మా నరసమ్మత్త నవ్వుతా ఉండాది!

నేను చెప్పులు యాడ విడిచినానా అని వాకిలి పక్క చూస్తా ఉండాను. అత్త దగ్గరికి వచ్చి, వంగి, బొమ్మని బాగా చూసినాది.

"అయ్యో, నా ముక్కుపుడక ఆ పక్కకి పోయినాదే!"

పక్కింటి ముసలమ్మ వెంటనే అందుకున్నాది. "ఇన్నాళ్ళకి పెండ్లాన్ని గుండెల్లో పెట్టుకున్నావు గదప్పా గోపాలప్పా!"

అంతే, ఇల్లు ఇల్లంతా నవ్వు! మామ తల వంచి చొక్కా చూసుకుంటా ఉండాడు. ఎంత సేపైనా తల ఎత్తడు.

"విప్పు, నానబెడతాను" అన్నాది అత్త.

"ఉండనీలే. ఇప్పుడేం తొందర?" అన్నాడు మామ.

సాయంత్రం దాకా విప్పితే ఒట్టు! ఆ చొక్కాతోనే అందరికీ సాంబారు వడ్డించినాడు. ఎవురన్నా చూడకపోతే ఆయనే కొంచెం ఎదురుగా తిరిగి నిలబడినాడు.

బుధవారం మామ ఫోన్. "సీనా, మీ అత్త చొక్కా ఉతికేసినాదప్పా. బొమ్మ పోయినాది." గొంతు చూస్తే ఇంట్లో ఎవురికో బాగలేనట్టు ఉండె. "ఇంకోటి తెస్తావా?"

ఈసారి బుద్ధిగా తెల్ల డిస్కులే కొన్నాను. ప్రింటు ఎంత బాగా వచ్చినాదంటే, వేలితో రుద్దినా రంగు కదల్లేదు. గర్వంగా తీసుకొని పోయి ఇచ్చినాను. మామ ఒకటి పట్టుకొని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. అయిదు నిమిషాలకి బయటికి వచ్చినాడు. చొక్కా అంతా నలిగిపోయి ఉండాది.

"ఎంత ఒత్తినా అంటుకోలేదు. ఇది సరిగ్గా రాలేదప్పా" అని డిస్కు నా చేతిలో పెట్టినాడు. "ఆ పొద్దు చేసినావు చూడు, అట్లా చెయ్యి."

పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి ఒక పని సరిగ్గా చేస్తే, అది వాపసు వచ్చినాది!