అట్టపెట్టెల మీది బాసిల్లస్

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, నన్ను గడ్డపోతారంలోని ఒక ఇంజెక్షన్ల ఫ్యాక్టరీకి సీనియర్ మైక్రోబయాలజిస్టుగా వేశారు. మందు నింపే గదిలో పోషక పదార్థం పోసిన ప్లేట్లు తెరిచిపెట్టి, వాటిమీద ఏ సూక్ష్మజీవి మొలిచినా దాని ఊరూ పేరూ తేల్చడం మా పని. జీవులను రాజ్యం, వర్గం, తరగతి అంటూ పెద్ద గుంపు నుంచి చిన్న గుంపుకు దించుకుంటూ పోతారు. చివర మిగిలేవి ప్రజాతి, జాతి. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవి ఆ కింది మెట్లే.

ఒక ఉదయం ప్లేటు మీద తెల్లటి మచ్చ కనిపించింది. దానికి క్షారం చుక్క కలిపి పుల్లతో ఎత్తాను. తీగ సాగలేదు. తీగ సాగకపోతే గ్రామ్ పాజిటివ్ అనే పెద్ద గుంపు. ఆ గుంపుదైతే మనిషి చర్మం నుంచి వచ్చిందనుకోవడం మా ల్యాబులో అలవాటు. ఆడిట్ హడావుడిలో నేనూ అంతే రాసి సంతకం పెట్టాను.

మధ్యాహ్నానికల్లా ఆ రాత చూసిన ప్రొడక్షన్ మేనేజర్, అది గది తుడిచే మనిషి నుంచే వచ్చిందని, యాదమ్మను పనిలోంచి తీసేయాలని నిర్ణయించాడు. ఆమెది బొంతపల్లి. ఆరేళ్లుగా ఆ గది తుడిచేది ఆమే. టోపీలోంచి ఒక్క వెంట్రుక బయటికొచ్చినా నన్ను కూడా గదమాయించి వెనక్కి పంపేది. నాకు ఆమె అంటే ఇష్టమూ, కాస్త భయమూ.

ఆమె ల్యాబు గుమ్మం దగ్గర నిలబడి అడిగింది:

"మేడం, అది నా ఒంటిమీదికెల్లి వచ్చిందని మీరు సూసిండ్రా?"

చూడలేదన్నాను.

"మరి సూసి చెప్పుండ్రి. నాదే అయితే నేనే పోత."

నాకు సిగ్గేసింది. ముందు మేనేజర్‌ను రెండు రోజులు ఆగమన్నాను. తర్వాత మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. చర్మం మీద కాపురముండేవి ఎక్కువగా గుండ్రటివి. ఇవి కడ్డీలు, పైగా లోపల గట్టి పెంకు కట్టుకున్న బీజాలు. ప్రజాతి బాసిల్లస్, అదీ గ్రామ్ పాజిటివ్ గుంపుదే, కానీ ఉండేది మట్టిలో. ఆ వారం వానకు తడిసిన అట్టపెట్టెలను స్టోర్సువాళ్లు ఆ గది తలుపు దాకా తెచ్చి విప్పారని తేలింది. పెట్టెల మీద నమూనా తీస్తే అదే మొలిచింది.

పాత రాతను ఒక్క గీతతో కొట్టేసి, పక్కన తేదీ, సంతకం, పొరపాటు నాదేనన్న మాట రాశాను. యాదమ్మ అదే గదిలో కొనసాగింది. నాతో వారం రోజులు మాట్లాడలేదు, అది న్యాయమే.

పెద్ద గుంపు పేరు దగ్గర ఆగిపోతే అందులో ఎవరినైనా ఇరికించవచ్చు. ఆ రోజు నేను ఇరికించింది యాదమ్మను.