పాతిల్లు ఎక్కిన డాబా

వాన వచ్చినప్పుడు గిన్నెలు వెతుక్కోనక్కరలేని ఇల్లు కావాలి. మా అమ్మకు ఉన్న కోరిక అదొక్కటే. మా పెంకుటింట్లో ఎక్కడెక్కడ ఏది పెట్టాలో ఆమెకు చీకట్లో కూడా తెలుసు. బియ్యం డ్రమ్ము పక్కన సత్తు బిందె, నాన్న మంచం తలవైపు చెంబు, నా పుస్తకాల పెట్టె మీద పళ్లెం. నాన్న ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్లో బడి పంతులు. నేను ఇంటర్లో చేరిన ఏడు పాతిల్లు విప్పించి, అదే చోట రెండు గదుల డాబా మొదలుపెట్టారు. అది పూర్తయ్యేదాకా మేము పక్కనే తాటాకు పాకలో ఉన్నాం.

ఆ రోజుల్లో సిమెంటుకు పర్మిట్టు కావాలి. నాన్న గుంటూరు చుట్టూ తిరిగి సంపాదించిన బస్తాలు స్లాబుకు మాత్రం సరిపోయాయి. గోడలు మట్టితో కట్టి, పైన సున్నం పూయించారు.

స్లాబు పోశాక మేస్త్రి దాని మీద బంకమట్టితో చిన్న చిన్న మడులు కట్టి నీళ్లు నింపాడు. మూడు వారాలు ఆ నీళ్లు ఆరకూడదన్నాడు. స్లాబు గట్టిపడాలంటే నీళ్లు తాగుతూ ఉండాలట. పొద్దున్నా సాయంత్రం బిందెలు మోసి మడులు నింపే పని నాకు అప్పగించారు. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతనయ్యేది కాదు. స్లాబు మీద ఎవరూ ఉండరు. నీళ్లు పోసేశాక పిట్టగోడ కోసం వదిలిన ఇనుప చువ్వల పక్కన కూర్చుని, వెలుతురున్నంతసేపు చదువుకునేదాన్ని. చీకటి పడుతుంటే ఒక్కో మడిలో ఒక్కో ముక్క ఆకాశం కనిపించేది. అన్ని గంటలు నాకంటూ ఒక చోటు ఉండటం అదే మొదలు.

అది మిరప కోతల కాలం. ఒక రాత్రి అనుకోకుండా వాన పడింది. తెల్లారేసరికి కల్లాలన్నీ బురద. ఎండ మాత్రం చిటచిటలాడుతోంది. పక్కింటి అత్తయ్య నడుము మీద చెయ్యి వేసుకుని మా డాబాకేసి చూసింది.

"ఏం వదినా, పైన చేపలు పెంచుతున్నారా?"

"మేస్త్రి నీళ్లు తియ్యొద్దన్నాడు," అంది అమ్మ.

"రెండు ఎండలకేగా. కాయ బూజు పడితే నా ఏడాది కష్టం కల్లంలోనే పోద్ది. మేస్త్రికేం, ఆయనకు మిరపచేనుందా?"

మా ఊళ్లో స్లాబు ఉన్నవాళ్లు కాయకు చోటు లేదనడం, గడపలోకి వచ్చిన మనిషికి మంచినీళ్లు లేవనడంతో సమానం. అమ్మ కూడా అన్నేళ్లూ మా అరెకరం కాయ ఎవరెవరి డాబాల మీదో ఎండబెట్టుకున్న మనిషే. ఇప్పుడు మొదటిసారి ఆమెను ఒకరు అడిగారు. నాన్న బడిలో ఉన్నారు. అమ్మ పార తీసుకుని పైకెక్కి మట్టికట్టలు తెగగొట్టింది. మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా మా డాబా మీద ఎర్రగా పరుచుకుంది. ఆ ఘాటుకి కింద పాకలో కూర్చుని తుమ్ముతూనే అమ్మ నవ్వుకుంటోంది.

రెండు ఎండలు కాస్తా వారం అయ్యాయి. కాయలు ఎత్తాక చూస్తే, స్లాబు నిండా తలవెంట్రుకల్లాంటి పగుళ్లు.

"పసిబిడ్డ చేత పాలు మాన్పించారు గదండీ అమ్మగారూ," అన్నాడు మేస్త్రి.

"కురుస్తుందా?" అంది అమ్మ.

"కురవక ఏం చేస్తుందండీ? పైన ఇంకో పొర సిమెంటు పొయ్యాల్సిందే."

సిమెంటు ఎక్కడుంది? అమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

నాన్న సాయంత్రమంతా పెరట్లో తిరిగారు. పాతింటి ఇటుక ముక్కలు, పగిలిన పెంకులు అక్కడే గుట్టగా ఉన్నాయి. పారబోయించడానికి ఆయనకు మనసొప్పలేదు.

"సిమెంటు రాకముందు డాబాలు లేవా? వీటితోనే పైన సున్నం గచ్చు వేద్దాం," అన్నారు.

మేస్త్రి నవ్వాడు. "గచ్చు మా తాత వేసేవాడు మేస్టారూ. అందులో కలిపే బెల్లం దొంగతనంగా తిన్నంతవరకే నాకు తెలుసు."

"పాతింటి ముక్కలేనా మళ్లీ నా నెత్తిమీద?" అంది అమ్మ.

వేరే దారి మాత్రం లేదు. ఎలా వెయ్యాలో మేస్త్రి ముసలి మేస్త్రులను అడిగొచ్చాడు. సున్నం గానుగ ఎద్దుతో తిప్పించారు. సున్నం గట్టిగా పట్టడానికి కరక్కాయలు నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపారు. ఎవరూ పిలవకుండానే అత్తయ్య వీధిలో ఆడవాళ్లను వెంటేసుకుని వచ్చింది. "మా కాయ వల్లే గదా," అని పీట వేసుకుని ఇటుకలు కొట్టడానికి కూర్చుంది. నలగ్గొట్టిన ముక్కల్లో సున్నం కలిపి స్లాబు మీద పరిచాక, అందరూ వరసగా కూర్చుని చెక్కలతో కొట్టడం మొదలుపెట్టారు. తడుపుతూ కొట్టాలి, కొడుతూ వెనక్కి జరగాలి. ఆదివారం చర్చిలో పాడే కీర్తనలన్నీ ఆ దెబ్బల వరసలోకి వచ్చేశాయి.

"ఏమే అమ్మాయ్, పుస్తకంలో తల దూర్చి కూర్చుంటే గచ్చు అవుద్దా? ఇట్రా," అంది అత్తయ్య.

నేనూ ఒక చెక్క తీసుకున్నాను. అక్కడ ఎవరూ నన్ను మాట్లాడమనలేదు. నా దెబ్బ వాళ్ల దెబ్బలో కలిస్తే చాలు. అన్ని రోజులూ నా జుట్టుకు సున్నం, బెల్లం కలిసిన వాసన వేసేది. ఇప్పటికీ బెల్లం తడిస్తే నాకు ఆ వరస గుర్తొస్తుంది.

వేసవిలో మా కాలేజీ వాళ్లు సాగర్ తీసుకెళ్లారు. దారిలో పల్నాడు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ కనిపించింది. రోడ్డు పక్క చెట్ల ఆకులన్నీ బూడిద రంగులో ఉన్నాయి. వెనక ఒక గుట్ట సగం లేదు. నాన్న అంత తిరిగి తెచ్చిన బస్తాల్లో ఏముందో నాకప్పుడు తెలిసింది. జూన్లో కాలేజీ తెరిచాక కెమిస్ట్రీ మాస్టారు, సున్నం కూడా రాయిని కాల్చిందే, కాకపోతే సిమెంటు కంటే తక్కువ మంట చాలు అన్నారు. బట్టీలో అది వదిలిన గాలినే తర్వాత కొంచెం కొంచెంగా వెనక్కి పీల్చుకుని మళ్లీ రాయవుతుందట. ఆ సాయంత్రం అమ్మకు చెప్పాను.

"అయితే మన కప్పు ఊపిరి తీస్తుందంటావా?" అంది అమ్మ పిండి కలుపుతూ. "తియ్యనీ. కురవకపోతే చాలు."

ఇప్పుడు పర్మిట్ల బాధ లేదు. మా వీధిలో అన్నీ సిమెంటు డాబాలే లేస్తున్నాయి. విప్పిన ఇళ్ల ఇటుకలు ట్రాక్టర్లకెత్తి వాగులో పోసి వస్తున్నారు. ఆ గుట్టలు కనిపించినప్పుడల్లా వాటితో ఎన్ని కప్పులు అయ్యేవోనని చూస్తూ నిలబడతాను. ఎవరితోనూ అనలేదు. డైరీలో రాసుకున్నాను, అంతే.

గచ్చు వేసి మేము డాబాలోకి మారిన ఏడు, మొదటి పెద్దవాన ఒక మధ్యాహ్నం వచ్చింది. అమ్మ గిన్నెలన్నీ తెచ్చి గది మధ్యలో పెట్టుకుంది. మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ కూర్చుంది. వాన బాదుతూనే ఉంది. ఎక్కడా చుక్క లేదు. నాన్న పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నారు.

చాలాసేపటికి అమ్మ లేచింది. సత్తు బిందె తీసుకుని తలుపు తెరిచి, డాబా గొట్టం నుంచి దూకుతున్న ధార కింద పెట్టి వచ్చింది. వాన నీళ్లకు ఆమె గిన్నెను ఇంటి బయట పెట్టడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.